ణ తో మొదలైన పేరు

కళ్లద్దాల షాపు వెనక గదిలో ఆమె రోజంతా అద్దాల అంచులు అరగదీసేది. అక్క మెట్ల మీంచి జారిపడి పోయిందని కబురు వచ్చినప్పుడూ మిషను ముందే ఉంది. జారిపడిందని చెప్పింది బావ. మెట్ల మీద పడితే మెడ చుట్టూ వేళ్ల గుర్తులు ఎందుకుంటాయో మాత్రం ఎవరూ చెప్పలేదు. పోలీస్ స్టేషన్‌లో అడిగితే పొద్దుపోయేదాకా కూర్చోబెట్టి పంపేశారు. ఏడాది తిరక్కుండా బావ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు.

ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఆమె దాన్ని కథగా రాసింది. మెట్లూ, వేళ్ల గుర్తులూ, బావ ఇంటి పచ్చ తలుపూ అన్నీ రాసింది. కథలో అక్కకు పెట్టే పేరు దగ్గరే చెయ్యి ఆడలేదు.

"దాని పేరు పెట్టకు," అంది తల్లి కూర తరుగుతూ. "బతికున్న ఏ పిల్ల పేరూ పెట్టకు. ఈ రాత ఇంకొకరికి అంటకూడదు."

"ఏది పెట్టినా ఎవరో ఒకరికి ఉంటుందిగా అమ్మా."

"ఎవరికీ లేనిదే పెట్టు."

ఆదివారమంతా ఇద్దరూ పేర్లు అల్లుతూ కూర్చున్నారు. ఒకటి దగ్గుమందు పేరులా ఉందని తల్లి నవ్వింది. అక్క పోయాక ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు. చివరికి ఆమెకు తట్టింది, ణ తో ఎవరి పేరూ మొదలవదు. 'ణేలిక' అని రాసింది. తల్లి పలకబోయి, నాలుక తిరగక, "ఇది ఎవరూ పెట్టుకోర్లే," అని స్థిమితపడింది.

వారపత్రిక సంపాదకుడు ఫోన్ చేశాడు. "కథ బావుందమ్మా. పేరే అచ్చుతప్పులా ఉంది. న చేసేద్దాం."

"వద్దండీ. కావాలనే అలా రాశాను."

"సరే, చూద్దాం," అన్నాడు. అచ్చులో 'నేలిక' అని వచ్చింది.

వానలు వెళ్లాక ఒక మధ్యాహ్నం, చంటిపాపను ఎత్తుకుని బావ రెండో భార్య షాపుకొచ్చింది. ఆమె ఆవిడను ఫొటోలో చూడటమే.

"పాపకి నేలిక అని పెట్టానండీ. పత్రిక తిరగేస్తుంటే ఆ పేరు కంటబడి ముచ్చటేసింది. కథ మొన్ననే చదివాను. రాసింది మీరని చూశాను." పాపను ఇంకో భుజానికి మార్చుకుంది. "మా తలుపు కూడా పచ్చదే. నిజంగా అలాగే జరిగిందా?"

ఆమె మిషను ఆపింది. చూసింది చూసినట్టు చెప్పింది. వింటూ వింటూ ఆవిడ తన మెడ తడుముకుంది.

"మా ఇంటికి వచ్చేయండి. అమ్మ ఉంది."

"పాప మందులూ బట్టలూ అక్కడే ఉన్నాయి. రేపు ఆయన డ్యూటీకి వెళ్లగానే వచ్చేస్తాను."

ఆమె సరేనంది. సంగతి విని తల్లి తరుగుతున్న కూర పక్కన పెట్టేసింది. "ఎలా వెళ్లనిచ్చావే?"

మర్నాడు సాయంత్రందాకా చూసి ఇద్దరూ బయల్దేరారు. పచ్చ తలుపుకి తాళం వేసి ఉంది.

"పొద్దున్నే లారీలో సామానెక్కించుకుని వెళ్లిపోయారు," అన్నాడు ఎదురింటాయన. "ఆవిడ పాపనెత్తుకుని ముందు సీట్లో కూర్చుంది. పలకరిస్తే తలెత్తలేదు."

బావ పనిచేసే గోడౌన్‌లో అడిగితే బదిలీ పెట్టించుకున్నాడన్నారు. ఎక్కడికో బయటివాళ్లకు చెప్పరట.

ఇంకో కథ పంపమని సంపాదకుడు అడిగాడు. ఆమె పంపలేదు. ఆ పేరు కథలోదని బావకి తెలిసిపోయిందో ఏమో, ఇప్పుడు ఆ పాపను ఏమని పిలుస్తున్నారో తల్లీకూతుళ్లకు తెలియదు.