గోడ ప్లగ్గు దాటని పాట

మా పక్కింటి బాబాయ్‌ని గ్రానైట్ కటింగ్ యూనిట్ యజమాని రెండుసార్లు చంపాడు. మొదటిసారి, పోయిన వారం, యూనిట్ ఆవరణలో. లారీ వెనక్కి వస్తున్నప్పుడు వెనక నిలబడి దారి చూపించాల్సిన కుర్రాణ్ణి తీసుకెళ్లి మిషన్ మీద నిలబెట్టాడు. ఆ లారీకి రివర్స్ హారన్ పనిచెయ్యదని తెలిసీ తిప్పించాడు. బాబాయ్ దాని కింద పడ్డాడు. రెండోసారి, శవం ఇంటికి రాకముందే, నోటితో. "చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటూ తిరుగుతున్నాడు. లారీ వస్తుంటే వినపడుద్దా? మనమేం చేస్తాం?" అన్నాడు.

మొదటి చావుని తిరిగి తేలేం. రెండోది అబద్ధం. దాన్ని అబద్ధమని నిరూపించడానికే ఇది రాస్తున్నాను. సంతాప సభల్లో చదివే తియ్యటి మాటలు కావాలంటే యూనిట్ గేటుకి కట్టిన ఫ్లెక్సీ చదువుకోండి. అందులో యజమాని బొమ్మ పెద్దది, బాబాయ్ బొమ్మ చిన్నది.

చీమకుర్తి రోడ్డులో పనిచేసేవాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, మిగతావాళ్ల కోసం చెబుతాను. బండరాయిని పలకలుగా కోసే మిషన్ పక్కన బాబాయ్ సగం జీవితం నిలబడ్డాడు. చెవులకి అడ్డం పెట్టుకోవడానికి ఏమీ ఇవ్వలేదు. దూది పెట్టుకోమన్నారు. ముందు ఎడమ చెవి పోయింది, మిషన్ ఉండేది ఆ వైపే. తర్వాత కుడి చెవి కూడా సన్నగిల్లింది. ఒంగోలు డాక్టరు "పోయింది రాదు, ఉన్నది కాపాడుకో" అన్నాడు. ఆ మాట బాబాయ్ జీవితాంతం పాటించాడు. పాటించనివ్వనిది ఎవరో మీకు తెలుసు.

కుర్రతనంలో బాబాయ్ పద్యనాటకాలు ఆడేవాడు. ఆ పద్యాల క్యాసెట్లు నేనే ఫోన్‌లోకి ఎక్కించాను. ఆయన నాటకాలకి హార్మోనియం వాయించిన మిత్రుడొకాయన రికార్డింగ్ గది మూసేస్తూ తన పెద్ద హెడ్‌ఫోన్లు బాబాయ్‌కి ఇచ్చాడు. వాటిని ఫోన్‌కి తగిలిస్తే పద్యం బావి అడుగునుంచి వచ్చినట్టు వచ్చేది. ఆ హెడ్‌ఫోన్లని నడిపే బలం ఫోన్‌కి లేదు. అందుకు డాక్-యాంప్ అనే పెట్టె ఒకటి కావాలి. ఫోన్‌లో అంకెలుగా ఉన్న పాటని శబ్దంగా మార్చడం, ఆ శబ్దానికి బలమివ్వడం, రెండు పనులూ అదే చేస్తుంది.

"ఒరేయ్ కరపత్రం, ఆ పెట్టేదో నువ్వే చూడు," అన్నాడు బాబాయ్. యూనియన్ ఆఫీసులో దొరికిన ప్రతి కాగితం చదివి వీధిలో ఉపన్యాసం ఇస్తుంటానని నాకు ఆయన పెట్టిన పేరది. నేను కోప్పడితే, "పేరు బాగుంది గదరా, మడిచి జేబులో పెట్టుకోవచ్చు," అనేవాడు.

ఒంగోలులో ఒక సౌండ్ సామాన్ల షాపుకి వెళ్లాం. అమ్మేవాడు మంచివాడే. కానీ మన జిల్లాల్లో ఎవరైనా శబ్దం గురించి అడిగేది ఒకటే: ఎన్ని వాట్లు? అందుకని ముందు ఎర్ర లైట్లున్న ఒక లావు పెట్టె తీశాడు.

"ఇది పెట్టుకుంటే బుర్ర అదిరిపోద్దండి!"

"అదిరే నా చెవులు పోయినయ్యి నాయనా," అన్నాడు బాబాయ్. "పెద్దగా ఎంత పాడుద్దో నాకొద్దు. చిన్నగా పాడితే మాట ముక్కలవకుండా ఉంటదా? అది చెప్పు."

సౌండ్ బాగా తగ్గించి పద్యం పెట్టాడు. కాసేపు విని, ఎడమ వైపు ఏమీ రావడం లేదన్నాడు బాబాయ్.

"మీకు ఆ చెవి కాస్త వీక్ అన్నారు గదండీ," అన్నాడు అమ్మేవాడు.

బాబాయ్ హెడ్‌ఫోన్లు తీసి, ఎడమది కుడికి, కుడిది ఎడమకి తిప్పి పెట్టుకున్నాడు. "ఇప్పుడు కుడి చెవిలో రావట్లేదు. నా కుడి చెవి ఇప్పుడే పోయిందంటావా?"

అతను కూడా పెట్టుకుని చూసి నవ్వేశాడు. "నిజమేనండి, సౌండ్ తిప్పే నాబ్‌దే తప్పు. బాగా తగ్గిస్తే ఒక వైపు పడిపోతోంది." అవే హెడ్‌ఫోన్లు ఇంకో పెట్టెకి తగిలిస్తే రెండు వైపులా సమానంగా పలికాయి.

తిప్పి పెట్టి చూడటం బాబాయ్‌కి అన్నింటిలో అలవాటు. టార్చి వెలగకపోతే బ్యాటరీలు తిప్పేవాడు. పిన్నితో మాటా మాటా వస్తే, "సరే, నువ్వు నేనై మాట్లాడు, నేను నువ్వై మాట్లాడతా," అనేవాడు. పిన్ని ఆయన గొంతు పెట్టి తిట్టడం మొదలుపెట్టగానే గొడవ నవ్వులోకి దిగేది. "తిప్పి పెట్టి చూడందే తప్పు ఎవరిదో చెప్పమాకరా," అని నాకు లక్షసార్లు చెప్పి ఉంటాడు.

ఆ రెండో పెట్టె అగ్గిపెట్టెంత ఉంది. ఫోన్ వెనకే అంటించుకోవచ్చు, జేబులో పడేసుకోవచ్చు. నేను రివ్యూలన్నీ చదివి ఉన్నాను, అదే కొనమని పట్టుబట్టాను. "యూనిట్‌కి నడిచి వెళ్తూ కూడా వినొచ్చు బాబాయ్!"

ఆయన మొహం మారిపోయింది. "అందుకేరా వద్దంటుంది. జేబులో పట్టేదైతే నాతోపాటు యూనిట్‌కి వచ్చేస్తది. మనసు ఊరుకోదు, చెవికి పెట్టుకుంటా. మిగిలిన ఈ కాస్త చెవి ఆడ లారీలకి కావాలి. పాటకి ఇంట్లో ఇస్తా. గోడకి ప్లగ్గు పెడితేనే పాడే పెట్టె చూపించమను."

చదువుతున్న మీరు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని లారీల మధ్య తిరిగాడని యజమాని అంటున్నది ఈ మనిషిని.

మూడోది నల్లగా, సాదాగా ఉంది. కరెంటు వైరు ఉంటే తప్ప బతకదు. నాబ్ మెత్తగా తిరుగుతోంది. పాట లేనప్పుడు లోపల ఏమైనా హోరు ఉందేమో చూడాలి. అది బాబాయ్ చూడలేడు. ఆయన చెవిలో పగలూ రాత్రీ మిషన్ తిరుగుతూనే ఉంటుంది, నిద్రలో కూడా ఆగదు. "ఈ హోరు పెట్టెదో నాదో నాకు తెలీదు. నువ్వు విను. నా మెహర్బానీ కోసం అబద్ధం చెప్పమాక," అన్నాడు.

కళ్లు మూసుకుని విన్నాను. "ఏమీ లేదు బాబాయ్. పూర్తిగా నిశ్శబ్దం."

"అదెట్టుంటదిరా?" అన్నాడు.

అది నేను చదివిన ఏ కాగితంలోనూ లేదు. ఒక మనిషి దగ్గర్నుంచి నిశ్శబ్దాన్ని కూడా దొంగిలించవచ్చని, ఆ దొంగతనానికి ఎవరూ కేసు పెట్టరని ఆ షాపులో నిలబడి తెలుసుకున్నాను.

ఆ నల్ల పెట్టే కొన్నాం. అది చెవుల్ని బాగుచేయలేదు. చేస్తుందని ఆయన ఆశపడనూ లేదు. స, శ అక్షరాలు ఆయనకి ఎప్పుడో పోయాయి. అయినా పద్యం తనదే కాబట్టి పోయిన అక్షరాన్ని పెదాలతో పూరించుకునేవాడు. సాయంత్రం స్నానం చేసి, గోడ పక్క కుర్చీలో కూర్చుని, పెదాలు కదుపుతూ వినేవాడు. ఎప్పుడూ నాబ్ సగం దాటించలేదు. పిన్నికి ఏదైనా కావాలంటే పిలిచేది కాదు, వచ్చి ఆయన మోకాలి మీద చెయ్యి వేసేది.

ఒకరోజు అలా వింటుండగానే యజమాని వచ్చాడు, కూతురి శుభలేఖ ఇవ్వడానికి. నేనూ అక్కడే ఉన్నాను. చూసి పెద్దగా నవ్వాడు.

"ఏందయ్యా, పనిలో పిలిస్తే వినపడదంటావు. ఇంట్లో పాటలా?"

బాబాయ్ లేచి నిలబడి, "వినపడేది ఇంతే మిగిలిందండి. ఇది కూడా మీకే ఇమ్మంటారా?" అన్నాడు.

యజమాని నవ్వు ఆగిపోయింది. శుభలేఖ బల్ల మీద పడేసి విసురుగా తిరిగాడు. తిరగడంలో కాలికి వైరు తగులుకుంది. పడబోయి గోడ పట్టుకున్నాడు. ప్లగ్గు ఊడి వచ్చింది, పెట్టె లైటు ఆరిపోయింది. "ఏందయ్యా ఈ వైర్లు, మనిషి నడవక్కర్లా?" అని తిట్టి వెళ్లిపోయాడు.

కాబట్టి ఆయనకి తెలుసు. ఆ పాట గోడ దాటి రాదని, ప్లగ్గు ఊడితే చచ్చిపోతుందని తన కాలితోనే తెలుసుకున్నాడు. తెలిసీ చెప్పాడు.

ఇప్పుడు ఆదివారం యూనిట్‌లో పెద్దమనుషుల్ని కూర్చోబెడుతున్నాడు. తప్పు మా ఆయనదేనని పిన్ని వాళ్ల ముందు ఒప్పుకోవాలట. ఒప్పుకుంటే దయ చూపిస్తాడట. నిన్న పిన్ని నన్ను పిలిచి, "నేను చదువుకోలా, నాకు మాటలు రావు. ఏం చెప్పాల్రా?" అని అడిగింది. అంతలోనే తనే, "ఏం చెప్పను. పెట్టె ఎత్తుకొస్తా," అంది.

మిషన్ల మీద ఇంకా నిలబడి ఉన్న అన్నలారా, ఈరోజు ఆమె చేత ఒప్పిస్తే రేపు మీ చావు కూడా మీ తప్పే. దూది తీసి ఈ మాట వినండి.

ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకి అందరం యూనిట్ గేటు దగ్గరికి రావాలి. మైకులు వద్దు, బాక్సులు వద్దు. ముందు పిన్ని నడుస్తుంది, చంకలో ఆ నల్ల పెట్టె, కింద వేలాడుతూ వైరు. ఆ ప్లగ్గు యజమాని చేతికే ఇద్దాం. బాబాయ్ ఇంటి గోడనుంచి లారీ తిరిగిన చోటిదాకా దాన్ని లాగి చూపించమందాం. తొమ్మిదింటికల్లా రండి.