శ్రీ ఎవరో తెలియదట!

పోయినేడు బెంజ్ సర్కిల్ దగ్గర నేనూ, మా చిన్న తోడికోడలు లతా పైథాన్ ప్రోగ్రామింగ్ క్లాసుల్లో చేరాం. మొదటిరోజు ఇద్దరం మా లాప్‌టాప్‌లలో పైథాన్ ఇన్‌స్టాల్ చేసుకుని తొలి ప్రోగ్రామ్ రాశాం. లత తెరమీద చక్కగా "నమస్తే" వచ్చింది. నా తెర నిండా ఎర్రక్షరాలు! ఇంట్లో చేపల పులుసు పెట్టినా మెప్పు దానికే, ఇక్కడా దానికేనా అని కడుపు రగిలిపోయింది.

సార్ వచ్చి చూసి, "పైన 'శ్రీ' అని రాశారేంటండీ? అదెవరో తనకి తెలీదంటోంది పైథాన్" అన్నారు. క్లాసంతా గొల్లుమంది.

ఏం రాసినా ముందు శ్రీ రాయాలన్నది మా అత్తగారి నియమం. "నువ్వు రాయలేదా?" అని లతని నిలదీశాను.

"రాశానక్కా. ముందు హ్యాష్ గుర్తు పెట్టా. అది పెడితే కంప్యూటర్ ఆ లైను పట్టించుకోదుగా!"

ఇప్పుడు నేనూ శ్రీకి ముందు హ్యాష్ పెడుతున్నాను. నా కడుపుమంటకి ముందు ఏ గుర్తు పెట్టాలో మాత్రం సార్ ఇంకా చెప్పలేదు.