పైపుకు పట్టిన పాకుడు

లేబరుకు అర్థమయ్యేట్టు పనులన్నీ తెలుగులో రాయాలని మా ప్లాంటులో ఆర్డరు వేశారు. ఆర్డరు మంచిదే. దాన్ని అమలు చేసిన దరిద్రుడితోనే వచ్చింది చిక్కంతా.

ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ నడుమ ఒక ఫ్యాక్టరీ తన కరెంటు కోసం కట్టుకున్న చిన్న పవర్‌ప్లాంటు అది. పేరు చెప్పి నోరు పాడుచేసుకోను. పులివెందులలో ఇంజనీరింగు చదివి అందులో చేరాను. ఆవిరి పైపుల ఉక్కు ఎంత ఆరోగ్యంగా ఉందో చూడటం నా పని.

బాయిలర్ నుంచి టర్బైనుకు ఆవిరిని తీసుకెళ్లే పెద్ద పైపును క్రోమియం కలిపిన ఉక్కుతో చేస్తారు. మామూలు ఇనుము ఆ వేడికి ఆగదు. ఈ ఉక్కు లోపల సన్నటి పొరలుంటాయి. అవి జరిగిపోకుండా కంటికి కనపడనంత చిన్న కార్బైడు గింజలు పట్టుకుని ఉంటాయి. ఏళ్ల తరబడి వేడిలో ఉంటే చిన్న గింజలు కరిగిపోయి పెద్దవి ఇంకా లావెక్కుతాయి, పట్టు వదులుతాయి. ఇక ఉక్కు మెల్లగా సాగడం మొదలుపెడుతుంది, బట్టలారేసే తీగ కొన్నేళ్లకు కిందికి వేలాడినట్టు. ఇంగ్లీషులో దీన్నే క్రీప్ అంటారు. రెండు ముక్కలు కలిపి అతికిన చోట, అంటే వెల్డు అంచుల్లో, ఇది త్వరగా వస్తుంది. పైకి పైపు నున్నగానే ఉంటుంది.

ఆ ఏడు ప్లాంటు ఆపినప్పుడు వెల్డు పక్కన పైపును అద్దంలా సానబెట్టి, యాసిడ్ పూసి, పల్చటి ఫిల్ము అంటించి ఊడదీశాను. మైక్రోస్కోపు కింద పెడితే ఆ ఫిల్ములో ఉక్కు అచ్చంతా కనిపిస్తుంది. నల్లటి రంధ్రాలు వరస కట్టి, కొన్ని ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. అంటే చీలిక మొదలైనట్టే.

"ఆ వెల్డు కోసేసి కొత్తది వెయ్యాల సార్. ఇట్లే నడిపితే చీలుతుంది" అని ఇన్‌చార్జికి చెప్పాను.

ఆయనది కోస్తా. మేం నోరు తెరిస్తే నవ్వు ఆపుకున్నట్టు మొహం పెట్టేవాడు. ఫోనులో క్రీప్ అని కొట్టి, తెలుగులో పాకడం, పాకుడు అని వస్తే, పనుల బోర్డు మీద రాశాడు: "మెయిన్ స్టీమ్ పైపు వెల్డు దగ్గర పాకుడు ఉంది. వెంటనే తగిన చర్య తీసుకోవాలి."

"సార్, పాకుడంటే పాచి అనుకుంటారు. వెల్డు కోయాలని రాయండి" అన్నాను.

"యాడ, ఈడ అనేవాళ్లు నాకు తెలుగు చెప్పేది! వెళ్లమ్మా."

మర్నాడు నేను పైకెక్కేసరికి మా మేనమామ ఆ పైపు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. తొండూరులో గొర్రెలు మేపినవాడు. అవి రోగమొచ్చి చస్తే ఇక్కడ కాంట్రాక్టరు కింద హెల్పరుగా చేరాడు. చిన్నప్పుడు నన్ను భుజాలమీద ఎక్కించుకుని తిరిగిన మనిషి. సబ్బునీళ్ల బకెట్టు పక్కన పెట్టుకుని, వైరుబ్రష్షుతో వెల్డును తోముతున్నాడు.

"ఏం చేస్తాండావు మామా?"

"పాకుడు తీస్తాండా పాపా. బాయిమెట్లకు పట్టింది చూసినా గానీ, ఇనుముకు పట్టేది ఇప్పుడే వింటాండా. యాడా కనపడలే. కనపడకపోయినా తోమమన్యారు, శానా గట్టిగా తోమినా."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అట్లాగే కిందికి దిగి ఇన్‌చార్జి గదికి పోయాను. బోర్డు మీద పాకుడు ఎదురుగా అప్పటికే టిక్కు పడింది.

"సార్, అది కడిగితే పోయేది కాదు. మీకు తెలుసు."

"తెలుసు. వెల్డు కోస్తే ప్లాంటు ఇంకెన్నాళ్లు ఆపాలో కూడా తెలుసు. పని అయినట్టు బోర్డు మీద ఉంది కదమ్మా, నీకేంటి బాధ?" నవ్వుతూనే అన్నాడు. తప్పు తెలియక రాశాడనే అప్పటిదాకా అనుకున్నాను. ఆ తప్పు ఆయనకు కలిసొచ్చింది. ఆయన పై అధికారిని నేనే పోయి అడిగితే, వచ్చేసారి ప్లాంటు ఆపినప్పుడు చూద్దామన్నాడు.

"దాని కిందికి పోవాకు మామా, ఆ పైపు మంచిది కాదు" అని మామకు చెప్పాను.

"నా చేత్తో తోమినా గదా, ఇంగేం కాదులే" అన్నాడు. ఉక్కు సంగతి విప్పి చెప్పబోతే పని ఉందని లేచిపోయాడు.

ప్లాంటు నడిపారు. ఒక మధ్యాహ్నం, వేడి బయటికి పోకుండా పైపుకు చుట్టిన రాతిదూది పొర తడిసినట్టుందని ఎవరో చెప్పారు. ఇన్‌చార్జి, తోమినవాణ్ణే పోయి చూసి రమ్మన్నాడు. మామ గుడ్డ పట్టుకుని ఎక్కాడు. వెల్డు చీలింది. అంత వేడి ఆవిరి కంటికి కనిపించదు. అది తగిలాకే మామకు తెలిసింది.

ప్రాణం దక్కింది. చేతులు దక్కలేదనే చెప్పాలి. వేళ్లు ఇక ముడుచుకోవని ప్రొద్దుటూరు ఆసుపత్రిలో డాక్టరు తేల్చేశాడు.

ఇన్‌చార్జి ఆపిల్ పళ్లతో చూడటానికొచ్చాడు. మంచం పక్కన నిలబడి, "కొంచెం శ్రద్ధగా క్లీన్ చేసుంటే ఇంతదాకా వచ్చేది కాదు కదయ్యా" అన్నాడు. కట్లు కట్టిన రెండు చేతులూ ఎత్తి ఆయనకు దణ్ణం పెట్టబోయాడు మా మామ.

"సిగ్గుందా నీకు?" అని వార్డంతా వినపడేట్టు అరిచాను. ఆ కేకతోనే నా ఉద్యోగం పోయింది. పీడా పోయింది.

ఆయన వెళ్లాక మామ నన్ను మందలించాడు. "సారు చెప్పిందాంట్లో తప్పేముంది పాపా? వెల్డు అడుగుపక్క నాకు చెయ్యి అందలే. ఆడ సరిగా తోమలే. ఆడనే మిగిలింటాది."

నాకు ఒళ్లు మండిపోయింది. మైక్రోస్కోపులో కనిపించిన ఆ ఫిల్ము ఫోటో నా ఫోనులో ఉంటే, తెరిచి ఆయన కళ్ల ముందు పెట్టాను. "ఇదిగో చూడు. ఇది పాచి కాదు. ఉక్కు లోపలే పడిన బొక్కలు. నీ వేళ్లు అరిగిపోయేదాకా తోమినా పోయేవి కావు."

తల దగ్గరికి వంచి చూశాడు.

"లోపలిదని సారుకు తెలుసునా?"

"తెలుసు."

"తెలిసీ నన్ను తోమమన్యాడా?"

"నువ్వు తోమితేనే కదా బోర్డు మీద టిక్కు పెట్టుకునేది."

మామ చేతులు రెండూ దుప్పటి కిందికి లాక్కుని, నా వైపు చూడకుండా పడుకున్నాడు.