లచ్చవ్వ తాళానికి ఎక్కిన గుట్ట

కొండలను నిలబెట్టి, వాటి నడుమ నీళ్లను నిలిపి, ఆ రెంటినీ చూడటానికి మనిషికి కళ్లిచ్చిన పాండురంగనికి ముందుగా వేయి దండాలు. ఆయన దయ లేనిదే ఒక్క అడుగూ పడదు. ఈ ఉదయం భజన మందిరంలో ఎవరో నా నుదుట బుక్కా పెట్టారు. ఆ నల్లపొడి వాసన తగలగానే గంగారాం సారు గుర్తుకొచ్చారు. బాన్సువాడ బడిలో ఆయన లెక్కలు చెప్పేవారు. సాయంత్రాలు మా భజన మండలిని నడిపేవారు. పుణ్యగ్రంథాలు చదవడం, పదిమందితో గొంతు కలపడం నాకు నేర్పింది ఆయనే.

డెబ్బయ్యవ దశకం తొలినాళ్ల మాట. నాకు ఇరవై రెండేళ్లు. మండలిలో మృదంగం నాది. మాతో పాడేవాళ్లలో లచ్చవ్వ అని బీడీలు చుట్టే ముసలామె ఉండేది. నిజాంసాగర్ కట్టినప్పుడు ఆమె పుట్టిన ఊరు నీళ్ల కింద పోయింది. అప్పుడామె చిన్నపిల్ల, మళ్లీ ఆ దిక్కు పోలేదు. అక్కడి గుట్ట మీదినుంచి సాగరమంతా కనబడుతుందని ఎవరో చెబితే సారును అడిగింది. "సారూ, వచ్చేయేడు మోకాళ్లు నా మాట ఇనవు. కాళ్లాడంగనే ఒక్కపారి సూపియ్యరాదు?"

మాలో చేతిగడియారం ఉన్నవాళ్లు లేరు. పాడుకుంటూ పండరికి నడిచే అలవాటు మాది. అందుకే దూరాన్ని అభంగాలతో, అంటే మేము పాడే పాటలతో, కొలిచేవాళ్లం: ఫలానా ఊరు నాలుగు అభంగాలు, ఫలానా వాగు రెండు. గుట్టను ముందుగా చూసి రమ్మని సారు నన్ను పంపారు. నేను తొడమీద దరువేస్తూ, పాడుతూ ఎక్కేసి వచ్చాను. "పన్నెండు అభంగాలు సారూ! మొదటి బస్సుకు పోతే సాలు," అన్నాను గర్వంగా. ఆయన నల్లబల్లమీద గుట్ట గీశారు. "మనిషికో సొరబుర్ర నీళ్లు. పాట ఆగితే కాలు ఆగాలె. పొద్దు నడినెత్తికొస్తే ఎవరేడున్నా ఆడికెల్లి దిగుడే," అన్నారు. ఆ మాటకు మినహాయింపు లేదన్నారు. కానీ మొదటి బస్సు వద్దన్నారు. ముందురోజే వెళ్లి, కట్ట దగ్గర తెలిసినవాళ్లింట్లో ఉండి, తెల్లవారగానే బయలుదేరుదామన్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఆ తెల్లవారి ఏడుగురం ఎక్కడం మొదలుపెట్టాం. ముందు నేను, మెడలో మృదంగం, సంచిలో తాళాల జత. "బాలయ్య గుట్ట ఎక్కుతుండా, పెండ్లి ఊరేగింపు తీస్తుండా?" అని కిరాణా కొట్టు పోశెట్టి వెనకనుంచి ఎకసక్కెమాడాడు. నేనింకా జోరు పెంచాను. పన్నెండో అభంగం ముగిసేసరికి సగం దారిలోనే ఉన్నాం. వెనక్కి చూస్తే లచ్చవ్వ ఒక బండమీద మోకాలు పట్టుకుని కూర్చుని ఉంది. మూడో పాటకే ఆమె గొంతు ఆగిపోయిందట. నా చప్పుడులో నాకు వినబడలేదు.

"మీరు పోయి రాండ్రి బిడ్డా. ఎట్లున్నదో వచ్చి చెప్తే నేను సూశినట్టే," అన్నదామె, మొహం అటు తిప్పుకుని.

"సారూ, అవ్వ నడక నేను లెక్కగట్టలే. నా నడకే గట్టిన," అన్నాను.

"నాకు ఎర్కలేదనుకున్నవా?" అన్నారాయన. "నువ్వు పన్నెండన్నవు, నేను ఇరవై అనుకున్న. నిన్ననే వచ్చింది గందుకే. పొద్దు ఇంక నెత్తికి రాలే. మృదంగం ఈపుకు కట్టుకో, తాళాలు అవ్వ చేతికియ్యి."

లచ్చవ్వ ఒక్కో దెబ్బ వేసేది. ఆ దెబ్బకు ఏడుగురం ఒక్కో అడుగు వేసేవాళ్లం. ఆమె ఆగితే పాట ఆగేది, పాటతోపాటు మేమూ ఆగేవాళ్లం. ఒంటరిగా పరుగున ఎక్కివచ్చిన ఆ గుట్టమీద సీతాఫలం చెట్లున్నాయనీ, బండ నెర్రెలో నీరు ఊరుతుందనీ నాకు అప్పుడే తెలిసింది. మా నీడలు కాళ్లకిందికి ముడుచుకుంటున్నాయి. సారు మాటిమాటికీ పైకి, పొద్దువైపు చూస్తున్నారు. పొద్దు నడినెత్తికి ఇంకా కాస్త ఉందనగా పైకి చేరాం.

ఏం చెప్పను! ఆకాశం కిందికి దిగి నేలమీద పడుకున్నట్టు నీళ్లు. మా పాట దానంతటదే ఆగిపోయింది. లచ్చవ్వ చాలాసేపు చూసి చెయ్యి చాపింది. "గా మెరుస్తున్నకాడ మా వాకిలుండె." తర్వాత కట్టకు అవతలికి తిరిగింది. "గా పచ్చగున్నదంత ఏందిర బాలయ్యా?"

"వరి మళ్లు అవ్వా. కాలువలకింద, బీర్కూరు దాకా."

"గీ నీళ్లతోనేనా?" ఆమె మళ్లీ సాగరం వైపు తిరిగింది. "మునిగిందని ఇన్నేండ్లు ఏడిస్తి. ఇంతమందికి బువ్వ వెడుతున్నదారా నా ఊరు!"

ఆమె బండకు నుదురు ఆనించింది. గంగారాం సారు వంగి ఆమె పాదాలకు మొక్కారు. ఆయన వెనక ఒకరి తర్వాత ఒకరం మేమందరం మొక్కాం.

సారు లేరు, అవ్వా లేదు. ఆమె పోగొట్టుకున్నది ఆమెకు తిరిగి రాలేదు. ఆ మాట నేను మరవను. కానీ ఆ బండమీద దేవుడు నా పక్కనే నిలబడ్డాడని ఈనాటికీ నమ్ముతాను. చదువుతున్న మీరు కూడా ఈ పూట ముద్ద నోట పెట్టుకునేముందు ఒక్క క్షణం ఆగండి. నీళ్ల కిందున్న ఊళ్ల కోసం, వాటిని విడిచి నడిచిన పాదాల కోసం నాతోపాటు చేతులు జోడించండి: పాండురంగా, మేము తినే మెతుకులో వాళ్ల వాకిళ్లున్నాయి. వాళ్లను నీ దగ్గర ఉంచుకో తండ్రీ.