బాలమణి ఏరుకున్న బోర్డు

సోలాపూర్ నీలం నగర్‌లో చద్దర్లకు డిజైన్లు గీసే బాలమణి కంప్యూటర్ ఒక మధ్యాహ్నం, నెమలి తోక సగంలో ఉండగా ఆగిపోయింది. పక్కింట్లో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ఆమె ముందు తెర మాత్రం నల్లబడింది. ఇరవై ఏళ్లు గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి, నలభై దాటాక మౌస్ పట్టడం నేర్చుకున్న మనిషి. ఆ నలుపులో ఆమెకు తన ముఖమే కనిపించింది.

తర్వాత కంప్యూటర్ డబ్బాను ఆటోలో పెట్టుకొని జోడ్‌భావి పేట్‌కు వెళ్లింది. రిపేరు దుకాణం ప్రథమేశ్ విప్పి చూశాడు.

"మదర్‌బోర్డు పోయింది అక్కా. నీ డిజైన్లకేం గాలె, అవి డిస్కుల ఉన్నయి. దీనికి సరిపడేయి రెండు కంపెనీలయి దొరుకుతయి."

రెండు పెట్టెలు తీసి ముందు పెట్టాడు. ఒకదాని మీద రంగురంగుల దీపాల బొమ్మ. రెండోది మామూలు అట్టపెట్టె.

"ఏది ఖాత్రీగ నడుస్తది?"

"దీపాలది బాగ అమ్ముడువోతున్నది."

"అమ్ముడువొయ్యేది కాదు తమ్మీ, నిలిచేది చెప్పు. చెడిపోయినయి ఉంటే చూపియ్యి."

ప్రథమేశ్ నవ్వుతూ మూలనున్న గోనెసంచి కుమ్మరించాడు. బాలమణి నేల మీద కూర్చొని పాత బోర్డులన్నీ పరిచింది. వాలిన ఎండ వాటి మీద పడింది. ఆకుపచ్చని నేల, వెండి గీతల సందులు, చిన్నచిన్న మేడలు. ఆకాశం నుంచి ఏదో ఊరిని చూస్తున్నట్టుంది. వచ్చిన పని మరచి, ఒక సందులోంచి ఇంకో సందులోకి వేలు జరుపుతూ చాలాసేపు తిరిగింది. అన్ని సందుల్లోనూ దూది పేరుకొని ఉంది.

తేరుకొని లెక్కపెడితే దీపాల కంపెనీవి పదిహేడు, రెండో కంపెనీవి నాలుగు.

"అవి నేను తక్కువ అమ్మిన అక్కా, అందుకే తక్కువున్నయి," అన్నాడు ప్రథమేశ్. అబద్ధమాడడం అతనికి రాదు.

"అయితే ఆ అమ్మినయి ఇప్పుడు ఎవరింట్ల నడుస్తున్నయి?"

మరునాడు పొద్దున్నే అతను చెప్పిన విఠల్ పవర్‌లూమ్ షెడ్డుకు వెళ్లింది. కిటికీ వెలుతురులో దూది పోగులు నెమ్మదిగా తేలుతున్నాయి. వాటి మధ్య విఠల్ కంప్యూటర్ ఎనిమిదేళ్లుగా నడుస్తోంది.

"ఎన్నడు చెడిపోలేదా అన్నా?"

"ఒక్కపారి పోయింది. గ్యారంటీ ఉండె, ఈడ సోలాపూర్లనే మార్చిచ్చిండ్రు. పుణె దాంక పంపే పని వడలె. ఏడాదికి రెండుసార్లు లోపలి దూది దులుపుత, గంతే."

ఎన్నడూ చెడిపోలేదని చెప్పి ఉంటే ఆమెకు అంత నమ్మకం కలిగేది కాదేమో. తిన్నగా దుకాణానికి వెళ్లి మామూలు పెట్టెనే తీసుకుంది. ఆ సాయంత్రమే నెమలి తోక పూర్తయింది.

ఇప్పుడు ఆ వాడలో ఎవరు కంప్యూటర్ కొనాలన్నా ముందు బాలమణి దగ్గరికి వస్తారు. ఆమె వెంటనే కంపెనీ పేరు చెప్పదు.

"మీ ఇంట్ల మగ్గానికీ కంప్యూటర్ బల్లకూ నడుమ ఎంత జాగున్నది? దూది ఆడిదాంక వస్తదా?" అని అడుగుతుంది.