విశాఖ కుర్రాడి స్క్రీను

మా తాతగారు రైస్ మిల్లు కట్టించిన చోట ఏటా వానలకు మోకాలి లోతు నీరు నిలిచేదట. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. ఆయనతో మాత్రం ఒక్కరూ అనలేదు. బాబుగారు చోటు చూపించారంటే అదే మంచి చోటు. మిల్లు మునిగింది, దానితోపాటు మేమూ మునిగాం. మేమున్న లోగిలి ఇప్పుడు కల్యాణ మండపం. నేను విజయనగరంలో రెండు గదుల అద్దె వాటాలో ఉంటున్నాను. అయినా ఇస్త్రీ లేని చొక్కాతో వీధిలోకి రాను.

ఫోన్లలో కనిపించే స్క్రీన్లకు రూపం ఇవ్వడం నా ఉద్యోగం. ఏ బటన్ ఎక్కడుండాలి, ఏ మాట ముందు రావాలి, వాడే మనిషి ఎక్కడ తడబడతాడు అన్నది చూసుకోవాలి. యంత్రాన్ని కాదు, మనిషిని మధ్యలో పెట్టుకుని గీయాలి అని మా పనిలో అందరూ అంటారు. నేనూ అనేవాణ్ణి.

రామతీర్థం దగ్గర ఒక ఊళ్ళో మహిళా సంఘానికి దుక్కి మిషను ఉంది. సభ్యుల మళ్ళకు అద్దెకు ఇస్తారు. ఫోన్లోనే బుక్ చేసుకునేలా యాప్ చేసే పని మా చిన్న ఆఫీసుకు వచ్చింది. స్క్రీన్లన్నీ నేనే గీశాను. వారసత్వంగా రాకుండా నా చేత్తో నేను చేసిన మొదటి వస్తువు అది. తొలకరికి ముందు సంఘం వాళ్ళు ఒప్పుకుంటేనే నిలుస్తుంది. లేకపోతే పక్కన పడేస్తారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు సంఘం అధ్యక్షురాలు కొంగుతో కుర్చీ తుడిచి వేసింది. వాళ్ళంతా చాప మీద కూర్చున్నారు. ఫోను చేతికిచ్చి ఎలా ఉందని అడిగాను.

"బాగున్నాది బాబూ" అంది ఆమె.

"ఎక్కడైనా ఇబ్బందిగా ఉందా?"

"ఇబ్బందేటి బాబూ, తవరు సేసిందీ! శానా బాగున్నాది."

అందరూ తలలూపారు. నేను తృప్తిగా బస్సెక్కాను. తర్వాత రోజులు గడిచినా ఒక్కరూ యాప్ తెరవలేదు. మిషను కావలసినవాళ్ళంతా ఎప్పటిలా అధ్యక్షురాలికే ఫోన్ చేశారు.

మా ఆఫీసులో ఎచ్చెర్లలో చదువుకుని వచ్చిన ఒక అమ్మాయి పనిచేస్తుంది. ఆమె నవ్వాపుకుంటూ అంది: "సార్, మీరలా బిగుసుకుని కూర్చుని ఎలా ఉందీ అంటే నాకే బాగుందని చెప్పాలనిపిస్తాది. ఈసారి నేనెళ్ళి అడిగొస్తాను."

వద్దన్నాను. నా పని మీద పడే మాటలు ఇంకొకరు విని, వాటికి తేనె పూసి నాకు చెప్పడం నాకు ఇష్టం లేదు. పడితే నేనే పడాలి. కానీ నన్ను ఎదురుగా పెట్టుకుని వాళ్ళు ఏమీ అనరు. బస్సులో ఆలోచిస్తే ఒక్కటే దారి కనిపించింది.

"ఇది నేను చేసింది కాదు" అన్నాను రెండోసారి సంఘం దగ్గరికి వెళ్ళి కుర్చీలో కూర్చోగానే. "విశాఖపట్నంలో ఎవరో కుర్రాడు చేశాడు. బాగా లేకపోతే వెనక్కి పంపేస్తాం."

మా వంశంలో తన సొత్తును తనది కాదన్న మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను.

"అలాగా! ఆ ముక్క ముందే సెప్పొద్దా బాబూ" అంది అధ్యక్షురాలు. పక్కనున్న కోడల్ని పిలిచింది. "ఒసే, నా కళ్ళజోడు తే."

మొదటి పేజీలో తెల్లపంచె రైతు బొమ్మ ఉంది. నేను ఏరికోరి పెట్టిన బొమ్మ.

"ఈడెవడే? దుక్కికెల్తన్నాడా, పెళ్ళిచూపులకెల్తన్నాడా?"

చాప మీద నవ్వులు లేచాయి. ఆమె క్యాలెండర్ దగ్గరికి వచ్చింది. అన్నిటికన్నా నేను ఎక్కువ శ్రమపడింది దాని మీదే.

"తేదీ ఎంచుకోమంటన్నాది. వానెప్పుడు పడతాదో ఈడికెవడు సెప్పాడు?"

"మరి మీరెలా అడుగుతారు?" అన్నాను.

"నా ముందు నా తోడికోడలి మడి. దానిదయ్యాక మిషను గట్టు దిగి నా మడిలోకి వస్తాది. తేదీ ఎవుడిక్కావాల బాబూ? నా ముందు ఎందరున్నారో సెప్తే సాలదేటి?"

కోడలు అందుకుంది. "మద్దిలో ఎవర్తో ఒకర్తి తేదీ నొక్కీసిందనుకో అత్తా, మిషను ఈ సివర నుంచి ఆ సివరకి తిరగాల. డీజిలు ఆ విశాఖ గుంటడు పోస్తాడేటి?"

"పాపం, సదువుకున్నాడు గాని ఎవుర్నీ అడగనేదు" అని అధ్యక్షురాలు తీర్పు చెప్పింది. "మన బాబు సేసుంటే ఇలాగుంటాదేటి!"

ఉండదని అందరూ అన్నారు. నా చెవులు వేడెక్కాయి. అయినా రాసుకోవడం ఆపలేదు. తిట్లు వింటుంటే ఇంత హాయిగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఒక్కో మాటకూ స్క్రీన్లో ఒక్కో ముడి విడిపోతోంది.

క్యాలెండర్ తీసేశాను. ముందు ఎవరి మడి, తర్వాత ఎవరి మడి అన్న వరస ఒక్కటే పెట్టాను. ఒకరిది పూర్తికాగానే వరస ముందుకు జరుగుతుంది. వాన పడినప్పుడు ఒక్క బటన్ నొక్కితే మొత్తం ఆగుతుంది. పంచె రైతును పంపించేశాను.

తొలకరి ముందర మళ్ళీ వెళ్ళాను. అధ్యక్షురాలు కళ్ళజోడు పెట్టుకుని ఫోను చూసింది. అరుగు మీంచి వీధి అవతలికి కేకేసింది.

"ఒసే, నీ తరవాత నేనేనే! మిషన్ని గట్టు మీద నిలబెట్టీసి ఊరు మీదకి పోకు!"

అవతలి ఇంట్లోంచి తోడికోడలు కూడా తన ఫోను చూసుకుని, "నా ముందు ముగ్గురున్నారే, తొందరేటి నీకు!" అని అరిచింది. నేను గీసింది నిలబడిందని అప్పుడు తెలిసింది నాకు.

బయలుదేరుతుంటే అధ్యక్షురాలు సంచీ నిండా పనస తొనలు తెచ్చింది.

"ఆ విశాఖ గుంటడికియ్యి బాబూ. ఇన్ని తిట్లు తిట్టినా మన మాట ఇన్నాడు. మంచోడే."

నిజం నోటిదాకా వచ్చింది. చెబితే రేపటి నుంచి మళ్ళీ అన్నిటికీ "బాగున్నాది బాబూ" అంటారు. వాళ్ళ పురుగుమందు కొట్టే మిషనుకు చేయాల్సిన స్క్రీన్లు ఇంకా మిగిలే ఉన్నాయి.

"తప్పకుండా ఇస్తాను" అని సంచీ అందుకున్నాను.

బస్సంతా పనస వాసన. ఆఫీసులో నేనూ ఆ అమ్మాయీ తొనలన్నీ తిన్నాం. మర్నాడు అధ్యక్షురాలికి ఫోన్ చేసి, తొనలు చాలా తియ్యగా ఉన్నాయని విశాఖ నుంచి కబురు వచ్చిందని చెప్పాను.