తెరమీదికొచ్చిన మాట

విడాకుల తర్వాత, నన్ను ఎవరూ ఏమీ అడగని ఊరు కావాలని అనకాపల్లిలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే వెబ్‌సైట్లు తయారుచేసేదాన్ని.

నా కంప్యూటర్‌లో టాస్క్ రన్నర్ అనే ప్రోగ్రామ్ పెట్టుకున్నాను. కోడ్ సేవ్ చేస్తే చాలు, అదే దాన్ని పేజీగా మార్చి బ్రౌజర్‌లో పేజీని రిఫ్రెష్ చేసేస్తుంది. ఒక ఉదయం పేజీ ఎలా కనిపిస్తుందో చూడటానికి శీర్షిక దగ్గర "నాలుగు రోజులుగా నాతో ఎవరూ మాట్లాడలేదు" అని రాసుకున్నాను. ఆ రోజు ఆన్‌లైన్ మీటింగుకు ముందు మార్చేశాను కూడా.

ఆ మీటింగులో, మాకు దగ్గర్లోని దేవరాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే పెద్దావిడకి నా కంప్యూటర్ తెరని పంచుకుని ఆమె వెబ్‌సైట్ చూపిస్తున్నాను. మా మేనేజర్ శీర్షిక రంగు మార్చమన్నారు. కంగారులో తప్పు రంగు పెట్టి, దాన్ని వెనక్కి తీయబోయి అన్‌డూ ఎక్కువసార్లు నొక్కి సేవ్ చేశాను. నేను చూసుకునేలోపే పేజీ దానంతటదే మారి, ఆ వాక్యం పెద్ద పెద్ద అక్షరాలతో అందరి ముందూ నిలబడింది.

"ఏంటిది?" అన్నారు మేనేజర్. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

పెద్దావిడ నెమ్మదిగా అడిగారు. "ఏటమ్మా, నిజంగానే ఎవరూ మాటాడనేదా?"

"నిజమేనండీ" అన్నాను.

"అయితే, అనకాపల్లిలోనే ఉంటావు కదా, ఆదివారం మా ఇంటికి వచ్చేయమ్మా. అన్నం తిందువుగాని."

"సరే, ఆ రంగు సంగతి చూద్దాం" అన్నారు మేనేజర్.

ఆదివారం వెళ్లాను. సాయంత్రం తిరుగు బస్సు ఎక్కేసరికి గొంతు బొంగురుపోయింది. అంతసేపు మాట్లాడాక గానీ, అన్నాళ్లూ ఎంత మౌనంగా బతికానో నాకే తెలియలేదు.